కొండల్లో ‘దొర’ ఎవరు? ఇంట్లో చూసిన సినిమాలు, సినిమాల్లో లేని మన చరిత్ర



ఈసారి సెలవులకి ఊరొచ్చినప్పుడు ఎస్.కోట చుట్టుపక్కల కొండ ఊళ్లలో ఉన్న మనవాళ్లం కొంతమందిమి ఒక పని పెట్టుకున్నాం. గిరిజనుల గురించి తీసిన సినిమాలు, పాతవీ కొత్తవీ, ఎవరింట్లో వాళ్లు పెద్దవాళ్లతో కలిసి చూడాలి. చూశాక ఎవరేమన్నారో చెప్పుకోవాలి. హీరో ఎలా చేశాడు, పాటలు బాగున్నాయా, ఫైట్లు అదిరాయా అనేది ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు సినిమాలో చూపించినదానికీ నిజంగా జరిగినదానికీ ఎంత తేడా ఉందో కూడా చూడాలనుకున్నాం. పుస్తకాలు తిరగేశాం, పెద్దవాళ్లని అడిగాం. ఆ ముచ్చటంతా ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక్క మాట గురించి చెప్పాలి. పాత సినిమాల్లో అడవి మనిషి కనిపిస్తే చాలు, ఎదుటివాణ్ని ‘దొరా’ అంటాడు. ఆఫీసరైనా దొరే, పట్నం నుంచి వచ్చిన హీరో అయినా దొరే. చేతులు కట్టుకుని, నడుం వంచి అంటాడు. ఒక ఇంట్లో ఇలాంటి సీను నడుస్తుంటే కొండదొరల పెద్దాయన ఒకాయన అడిగాడు: “దొరలం మనమే కదర్రా, మనోడు ఎవుడ్ని దొరా అంతన్నాడు?” అందరం నవ్వాం. తరవాత ఆలోచిస్తే అది నవ్వే మాట కాదనిపించింది. కొండదొర, నూకదొర అనేవి మన తెగల పేర్లు. గంటందొర, మల్లుదొర, తమ్మన్నదొర అనేవి తెల్లవాడితో తలపడ్డ మనవాళ్ల పేర్లు. చరిత్రలో మన పేరు పక్కన గౌరవంగా ఉన్న మాట తెర మీదకి వచ్చేసరికి మనం ఇంకొకర్ని పిలిచే పిలుపు అయిపోయింది. ఈ మార్పు ఎలా జరిగింది, ఏయే సినిమాల్లో ఎంతవరకు జరిగింది అనేదే మేం చెప్పాలనుకున్న విషయం.

*సినిమా ఇంటికి ఎలా వచ్చింది*

మన తాతల కాలంలో సినిమా అంటే కొండ దిగి కోటకి వెళ్లడమే. సంతకో, తీర్థానికో వెళ్లినప్పుడు ఒక ఆట చూసి, రాత్రికి చుట్టాలింట్లో పడుకుని, తెల్లారి కొండెక్కేవారు. ఊళ్లలో డేరా హాళ్లుండేవి, నేల టిక్కెట్టుండేది. కథ అర్థమైనా కాకపోయినా, ఆ రోజు చూసినదాన్ని నెలరోజులు చెప్పుకునేవారు.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. రంగుల ప్రసారాలు 1982లో వచ్చాయి. మన ఊళ్లలోకి టీవీ రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ముందు కరెంటు రావాలి కదా! వచ్చాక కూడా ఊరంతటికీ ఒకటే టీవీ. వారానికో సినిమా. ఏంటెన్నా తిప్పడానికి ఒకడు మేడ మీదుండాలి. తరవాత పెళ్లికీ పండక్కీ టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చి, తెల్లవార్లూ మూడు సినిమాలు వేయడం మొదలైంది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. 2004 చివర్లో దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ మొదలయ్యాక నెలనెలా డబ్బు కట్టక్కర్లేని గొడుగు కొండ ఇళ్ల మీద కూడా వెలిసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. సిగ్నలున్న చోటికి నడిచి సినిమా దించుకుని, ఇంటికి తెచ్చి చిన్న ఫోన్లో పదిమంది తలలు ఆనించి చూడటం మనందరికీ తెలిసిన సంగతే.

హాల్లో చూడటానికీ ఇంట్లో చూడటానికీ ఒక పెద్ద తేడా ఉంది. హాల్లో ఈలలుంటాయి, ప్రశ్నలుండవు. ఇంట్లో సినిమాని ఆపొచ్చు. “ఇది నిజంగా జరిగిందా తాతా?” అని అడగొచ్చు. తాతకి తెలిసింది తాత చెబుతాడు, మనం పుస్తకంలో చదివింది మనం చెబుతాం. మేం చేసింది అదే.

*1974: రామరాజు వచ్చాడు, మిగతావాళ్లు వెనక్కి జరిగారు*

పెద్దవాళ్లందరికీ గుర్తున్న సినిమా ‘అల్లూరి సీతారామరాజు’. 1974 మే 1న విడుదలైంది. కృష్ణ గారికి 100వ సినిమా. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. దర్శకుడు వి. రామచంద్రరావు సినిమా పూర్తి కాకుండానే చనిపోతే, మిగతా భాగాన్ని తరవాత పూర్తి చేశారు. శ్రీశ్రీ రాసిన పాటకి జాతీయ అవార్డు వచ్చింది. షూటింగు చాలావరకు చింతపల్లి అడవుల్లోనే చేశారు. అంటే మన కోట నుంచి ఘాటీ ఎక్కి అరకు, పాడేరు దాటి వెళితే వచ్చే కొండల్లో, నిజంగా ఆ తిరుగుబాటు జరిగిన చోటే. రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య గారి గొంతు ఇప్పటికీ మన పెద్దవాళ్ల చెవుల్లో ఉంది.

ఈ సినిమా మీద మాలో ఎవరికీ చిన్నచూపు లేదు. మన అడవి గురించి, పోడు గురించి, తెల్లవాడి దోపిడీ గురించి ఊరూరా తెలిసేలా చేసింది అదే. గంటందొర, మల్లుదొర పాత్రలూ అందులో ఉన్నాయి. కానీ సినిమా అయ్యాక ఇంట్లోవాళ్లని “రామరాజు వెనకాల ఎవరెవరున్నారు?” అని అడిగితే ఒకటి రెండు పేర్లకి మించి ఎవరూ చెప్పలేకపోయారు. రామరాజు వచ్చి లేపేదాకా మన్యం నిద్రపోతూ ఉందని చాలామందికి అనిపించింది.

చరిత్ర అలా లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకీ, పశువుల మేతకీ, కట్టెలకీ అడ్డం పడింది. దానికి ముందే, 1879లో రంప ప్రాంతంలో పెద్ద తిరుగుబాటు లేచింది. కల్లు మీద కొత్త పన్ను, మనసబుదారు దోపిడీ, అప్పులిచ్చే షావుకార్ల మోసం దానికి కారణాలు. కారం తమ్మన్నదొర ఆ పోరాటాన్ని నడిపి 1880లో ప్రాణం ఇచ్చాడు. అప్పటికి రామరాజు పుట్టనే లేదు.

1922కి వస్తే, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనికి మనవాళ్లని తోలుకెళ్లి కూలి సరిగ్గా ఇవ్వకుండా వేధించాడు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటందొర ఆ వేధింపు పడ్డవాళ్లలో ఒకడు. కోపం అప్పటికే కొండల్లో రగిలి ఉంది. రామరాజు గొప్పతనం ఆ కోపాన్ని ఒక దండుగా మలచడంలో ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు పట్టుకెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. దారులు తెలిసినవాళ్లు, కబురు మోసినవాళ్లు, రాత్రిపూట గంజి పెట్టినవాళ్లు, పట్టుబడి దెబ్బలు తిన్నా నోరు విప్పనివాళ్లు లేకుండా ఇందులో ఒక్కటి కూడా జరిగేది కాదు. 1924 మే 7న రామరాజుని కాల్చి చంపారు. నెల తిరిగేసరికి గంటందొరనీ చంపేశారు.

సినిమా రామరాజుతో ముగిసిపోతుంది. మల్లుదొర కథ అక్కడితో ముగియలేదు. ఆయన 1923లో పట్టుబడ్డాడు. శిక్ష పడి అండమాన్ జైలుకి వెళ్లాడు. బతికి బయటపడ్డాడు. స్వతంత్రం వచ్చాక, 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. ఒకప్పుడు తెల్లవాడు ద్వీపాంతరం పంపిన కొండమనిషి, తెల్లవాడు కట్టిన పార్లమెంటు భవనంలోకే సభ్యుడిగా నడిచి వెళ్లాడు! దీనికన్నా పెద్ద సినిమా కథ ఏముంటుంది? మేం చూసిన ఏ సినిమాలోనూ ఇది లేదు. మాలో సగం మందికి ఈ సంగతి ఇప్పుడే తెలిసింది.

*అడవి ఒక సెట్టింగు అయిన కాలం*

1977లో ‘అడవి రాముడు’ వచ్చింది. రాఘవేంద్రరావు గారు తీశారు, ఎన్టీఆర్ గారు హీరో. దాని దుమారం గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. మేం కూడా నవ్వుకుంటూ, పాటలకి కాళ్లాడిస్తూ చూశాం. అందులో కనిపించే అడవి తమిళనాడులోని ముదుమలై. ఏనుగులున్నాయి, అందాలున్నాయి. అడవిని కాపాడేది మాత్రం బయటి నుంచి వచ్చిన ఫారెస్టు ఆఫీసరు. మన ఇళ్లలో ఫారెస్టు ఆఫీసరంటే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది పోడు కేసులు, లాక్కున్న కత్తులు, గొడ్డళ్లు. ఒకే వేషం, సినిమాలో రక్షకుడు, మన ఊళ్లో భయం. ఈ రెండూ ఎదురెదురుగా పెట్టి మాట్లాడుకోవడం ఇంట్లో చూశాం కాబట్టే కుదిరింది.

ఆ తరవాత ఇరవై ఏళ్లపాటు ‘అడవి’ అని పేరులో ఉన్న సినిమాలు చాలా వచ్చాయి. 1985లో చిరంజీవి గారి ‘అడవి దొంగ’ లాంటివి. వాటిలో అడవి అంటే హీరో తీగలు పట్టుకుని ఊగే చోటు. గిరిజనులంటే తలకి ఈకలు, మొహాన సున్నపు చారలు, ఏ భాషో తెలియని అరుపులు. ఈకలు పెట్టుకునే తెగ ఏదని మా నాయనమ్మల్ని అడిగాం. “మనకి కోడీకలు కూరొండినప్పుడు పారబోయడమే తెలుసు” అని ఒకావిడ తేల్చేసింది. నిజంగా మన ఆడవాళ్లు కట్టే చీరకట్టు, గదబల నడికట్టు, చేతి మురుగులు, థింసాలో ఒకరి నడుం ఒకరు పట్టుకుని వేసే అడుగు ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే చాలు, ఎంత అందం! దాని బదులు పట్నంలో కుట్టించిన ఆకుల గుడ్డలు వేశారు.

అందరూ అలా తీయలేదు. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన సినిమా. బి. నర్సింగరావు నిర్మాత. అందులో చంద్రి అనే లంబాడీ పిల్ల ఉంటుంది. ఆ పిల్ల కష్టం దొర గడీలో ఎలా మొదలైందో, దాన్ని చూసి రామయ్యలో కోపం ఎలా రగిలిందో సినిమా చూపిస్తుంది. ఈకలు లేవు, అరుపులు లేవు. దొర ఎవరో, ఎవరు ఎవరికి వంగాల్సి వచ్చిందో దాచకుండా చూపించారు. అల్లాణి శ్రీధర్ ‘కొమరం భీమ్’ సినిమాని 1990లోనే తీశారు. అది జనం ముందుకి రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. గోండు వీరుడి మీద సినిమా ఇరవై ఏళ్లు పెట్టెలో ఉండిపోయింది. అడవి దొంగలకి హాళ్లు దొరికాయి, అడవి బిడ్డకి దొరకలేదు.

*ఆర్ఆర్ఆర్: మాలో మాకే గొడవ పెట్టిన సినిమా*

2022 మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. మే 20 నుంచి ఇంట్లో చూసే వీలు కలిగింది. 2023 మార్చిలో అందులోని పాటకి ఆస్కార్ వచ్చింది. దీని మీద మాలో రెండు జట్లయ్యాయి. రెండువైపులా చెప్పింది రాస్తున్నాం.

ఒక జట్టు మాట ఇది: “కొమరం భీమ్ అనే పేరు లోకమంతా వినబడింది. పెద్ద హీరో, ఎన్టీఆర్ గారి మనవడు, గోండు పాత్ర వేసి, ఒక చిన్న గోండు పిల్లని విడిపించడానికి ఢిల్లీ దాకా వెళ్తాడు. కొరడాలతో కొడుతున్నా మోకాలు వంచడు. ఆ సీను చూసి ఇంట్లో అందరం ఏడ్చాం. ఇంకేం కావాలి? సినిమా సినిమాలా చూడాలి.”

ఇంకో జట్టు మాట ఇది: “రామరాజూ భీమూ ఎప్పుడూ కలుసుకోలేదు. అది కల్పన అని సినిమావాళ్లే చెప్పారు, దానికి తప్పు పట్టం. కానీ కల్పనలో ఎవరికి ఏ పని ఇచ్చారో చూడండి. ఒకడు చదువుకున్నవాడు, ఆలోచించేవాడు. ఇంకొకడు అమాయకుడు, బలమున్నవాడు. ఆఖర్లో రామ్ ‘నీకేం కావాలి’ అని అడిగితే భీమ్ చదువు నేర్పమంటాడు. జల్ జంగల్ జమీన్ అనేది భీమ్ పేరు మీద నిలిచిన నినాదం. దాన్ని సినిమాలో జెండా మీద రాసేది కూడా రామే.”

ఇంతకీ నిజమైన భీమ్ ఎవరు? ఆదిలాబాద్ అడవుల్లో గోండు ఇంట పుట్టాడు. బతుకుదెరువు కోసం చాందా వైపు, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకి వెళ్లాడనీ, ఆ తిరుగుడులోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడనీ ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. తిరిగొచ్చి పన్నెండు ఊళ్ల భూమి కోసం నిజాం సర్కారుకి ఎదురు నిలిచాడు. 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణం ఇచ్చాడు. ఆ చావు తరవాతే నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తని పంపి గోండుల బాధేమిటో కనుక్కోమంది. 1943లో మార్లవాయిలో గోండు కుర్రాళ్లకే పంతుళ్లుగా శిక్షణ ఇచ్చే కేంద్రం పెట్టారు. గోండి భాషలోనే వాచకాలు తయారుచేశారు. అంటే చదువు భీమ్‌కి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. భీమ్ పోరాటం వల్లే గోండు పిల్లలకి వాళ్ల భాషలో బడి వచ్చింది. సినిమా ఆఖరి సీన్ని తలకిందులు చేస్తే చరిత్ర వస్తుంది.

గొడవ ఎక్కడ తేలిందంటే, రెండు జట్లూ సినిమాని మళ్లీ చూస్తామన్నాయి. కానీ ఈసారి తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చూపించినప్పుడు ఆఖర్లో ఆపి, మార్లవాయి సంగతి చెప్పాలని ఒప్పుకున్నాం. ఇది మనకి చిన్న విషయం కాదు. హాస్టల్లో చేరిన మొదటి రోజున “కొండోడికి చదువెందుకురా” అనే మాట విన్నవాళ్లం మనలో ఎంతమందిమి!

*జై భీమ్: పేరున్న ఒక ఆడమనిషి*

2021 నవంబరు 2న ‘జై భీమ్’ నేరుగా ఇంటికే వచ్చింది. తమిళ సినిమా, మనం తెలుగులో చూశాం. 1993లో తమిళనాడులో పోలీసు కస్టడీలో ఒక గిరిజనుడు చనిపోయిన కేసు ఆధారంగా తీశారు. తరవాత మద్రాసు హైకోర్టు జడ్జి అయిన చంద్రు గారు ఆ కేసు వాదించిన లాయరు. సినిమాలో బాధితుల్ని ఇరుళ తెగవాళ్లుగా చూపించారు. నిజం కేసులోవాళ్లు కురవ సమాజంవాళ్లు. ఈ తేడా మీద అక్కడ కూడా చర్చ జరిగింది.

ఈ సినిమా నడుస్తున్నంతసేపూ మా ఇళ్లలో ఎవరూ మాట్లాడలేదు. కొందరు పెద్దవాళ్లు మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయారు. ఇందులోనూ గెలిపించేది బయటి లాయరే, నిజమే. అయినా సెంగేని పాత్ర వేరు. కడుపుతో ఉండి, చదువు రాకపోయినా, డబ్బిస్తామన్నా వెనక్కి తగ్గదు. కేసు ఆవిడది. లాయరు ఆవిడ కోసం పని చేసేవాడు. మన సినిమాల్లో ఇన్నేళ్లూ లేనిది ఇదే.

ఆ రాత్రి మాటల్లో వాకపల్లి వచ్చింది. మన అరకు దారి దాటి, పాడేరు అవతల జి.మాడుగుల మండలంలో ఉన్న ఊరు. 2007 ఆగస్టులో కూంబింగుకి వచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని అక్కడి 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. పదహారేళ్లకి దగ్గరగా కేసు నడిచింది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులు 13 మందినీ నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెబుతూ, ఆ మహిళలకి పరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పులో అంది. అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి నిలబడ్డ ఆ ఆడవాళ్లు మన కొండల్లోనే ఉన్నారు. తమిళనాడు సెంగేని కోసం ఏడ్చాం, మంచిదే. వాకపల్లి గురించి మన ఇళ్లలోని చిన్నవాళ్లకి ఒక్కరికైనా తెలుసా?

*ఘాటి: ఈ రోజు మన మీద పడుతున్న ముద్ర*

2025 సెప్టెంబరు 5న ‘ఘాటి’ వచ్చింది. క్రిష్ గారి దర్శకత్వం, అనుష్క గారు ముఖ్య పాత్ర. కథ ఉత్తరాంధ్ర రచయిత చింతకింది శ్రీనివాసరావు గారిది. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి మోసే మనుషుల గురించి తీశారు. నెల తిరగకుండానే ఇంట్లో చూసేశాం.

సినిమాలో మంచి ఉంది. మోసేవాడు కాదు, మోయించేవాడే అసలు దొంగ అని చెప్పింది. హీరో బదులు మనలాంటి కొండల్లోని ఆడమనిషిని ముందు నిలబెట్టింది. పేదరికాన్ని పెట్టుబడిగా పెట్టి లాభం తినేవాళ్లని చూపించింది. ఇవి మేం ఒప్పుకుంటాం.

కానీ బయటి లోకానికి ఏం మిగిలింది? మాలో పట్నంలో చదివేవాళ్లకి సినిమా వచ్చిన వారంలోనే కొత్త పేరు పడింది: “ఏరా ఘాటీ, సరుకేమైనా తెచ్చావా?” సరదాకే అన్నారట. అరకు రోడ్డులో బస్సు ఆపి తనిఖీ చేసినప్పుడు ముందు ఎవరి సంచి విప్పిస్తారో ఆ దారిన తిరిగేవాళ్లకి తెలుసు. సెలవులకి వచ్చి వెళ్తూ అమ్మ కట్టిచ్చిన పసుపు మూటనీ, చింతపండునీ రోడ్డు మీద విప్పి చూపించినవాళ్లం ఈ గ్రూపులో చాలామందిమే ఉన్నాం. 2021లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో విశాఖ ఏజెన్సీలో గంజాయి తోటలు పెద్దయెత్తున నరికించారు. అప్పులిచ్చి విత్తనం ఇచ్చినవాళ్లు బయటివాళ్లు, జైల్లో ఎక్కువగా ఉన్నది మన కుర్రాళ్లు. సినిమా అనేది రెండున్నర గంటల్లో అయిపోతుంది, ముద్ర మాత్రం అంత తొందరగా పోదు.

మన కోట కొండలకి ఇంకో ఇబ్బంది ఉంది. కొండ మీద ఉన్నా, ఐదో షెడ్యూల్లో లేని ఊళ్లు మనవి. చట్టం దృష్టిలో ఏజెన్సీ కాము. సినిమా దృష్టిలో మాత్రం ఘాటీ ఎక్కిన ప్రతివాడూ ఏజెన్సీవాడే. హక్కు కావాల్సినప్పుడు లెక్కలోకి రాము, అనుమానం వచ్చినప్పుడు ముందు వరసలో ఉంటాం. అందుకే తెర మీద మనల్ని ఎలా చూపిస్తున్నారనేది కాలక్షేపం కబురు కాదని మేం అంటున్నాం.

*ఎవరూ తీయని సినిమాలు*

సెలవులయ్యేసరికి మేం సినిమాలు చూడటం తగ్గించి, తీయని సినిమాల జాబితా రాయడం మొదలుపెట్టాం. రెండు చెబుతాం.

మొదటిది కొర్ర మల్లయ్య కథ. 1900 సంవత్సరం. పాచిపెంట వైపు కొర్రవానివలస అనే ఊళ్లో కొర్ర మల్లయ్య అనే కొండదొర తన మీద దేవుడు వాలాడని చెప్పాడు. వెదురు కర్రలు పట్టుకోండి, అవే తుపాకులవుతాయి, తెల్లవాళ్లని తరిమేద్దాం అన్నాడు. వేల మంది కూడారు. ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయారు. పోలీసులు కాల్పులు జరిపి 11 మందిని చంపారు. మల్లయ్య జైల్లోనే పోయాడు. తెల్లదొరల గెజిటీరు దీన్ని మూఢనమ్మకంగా నాలుగు వాక్యాల్లో రాసి ఊరుకుంది. వెదురు కర్ర తుపాకీ అవుతుందని నమ్మేంతగా వేల మందికి ఏం కష్టం వచ్చిందో ఆ వాక్యాల్లో లేదు. సాలూరు, పాచిపెంట వైపు ఉన్న మిత్రులారా, ఆ కథ మీ ముసలివాళ్లకి ఏమైనా గుర్తుందేమో ఒక్కసారి అడగండి.

రెండోది మన రైలు దారి. కొత్తవలస నుంచి శృంగవరపుకోట, బొడ్డవర, బొర్రా, అరకు మీదుగా కిరండూల్ దాకా వెళ్లే లైను. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకి పంపడానికి వేశారు. కొండల్ని తొలిచి వరసగా సొరంగాలు కట్టారు. ఇప్పుడు పర్యాటకులు అద్దాల పెట్టెలో కూర్చుని ఆ సొరంగాలు వచ్చినప్పుడల్లా కేకలు వేసి వీడియోలు తీసుకుంటారు. ఆ రాళ్లు మోసినవాళ్లలో మన తాతలున్నారు. ఎంత కూలి ఇచ్చారు, ఎవరి పొలం మీదుగా పట్టా పోయింది, పేలుళ్లలో ఎవరు పోయారు, వాళ్ల పేర్లేమిటి? ఈ తరం పెద్దవాళ్లు కూడా పోతే చెప్పేవాళ్లుండరు.

“ఇవన్నీ ఎవరు తీస్తారు?” అని అడుగుతారు. మనమే తీయొచ్చు అనడానికి లోకంలో ఉదాహరణలున్నాయి. కెనడా మంచు ప్రాంతంలో ఇన్యూట్ ఆదివాసులున్నారు. వాళ్లలో ఒకడైన జకరియాస్ కునుక్ తమ పాత కథని తమ మనుషులతో, తమ భాషలోనే ‘అటనార్జువాట్’ పేరుతో సినిమాగా తీశాడు. 2001లో కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్రాలకి ఇచ్చే పెద్ద బహుమతి దానికి వచ్చింది. మన దేశంలో, జార్ఖండ్‌లో బిజు టోప్పో అనే ఉరావ్ ఆదివాసీ మిత్రుడు మేఘనాథ్‌తో కలిసి గనుల మీద, ఇనుప ఫ్యాక్టరీల పొగ మీద డాక్యుమెంటరీలు తీసి జాతీయ అవార్డులు తెచ్చుకున్నాడు. అంత దూరం ఎందుకు, 2018లో విశాఖలోని కంచరపాలెం జనమే నటించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ మనందరం చూశాం. మేకప్పు లేదు, యాస మార్చలేదు. మన పక్క ఊరి మాట తెర మీద వింటుంటే ఎంత బాగుందో గుర్తుందా? కంచరపాలెంవాళ్లు చేయగలిగింది కొండ మీదవాళ్లం చేయలేమా?

కెమెరా మన జేబులోనే ఉంది. సినిమా అంటే ముందే కోట్లు అక్కర్లేదు. పెద్దాయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఫోను నిలకడగా పెట్టి, “రైలు కట్టినప్పుడు నువ్వెక్కడున్నావు తాతా?” అని అడిగి, ఆయన్ని చెప్పనివ్వడమే మొదటి సినిమా. ఆయన కూబిలో చెప్పినా, గదబలో చెప్పినా, మన తెలుగులో చెప్పినా మధ్యలో సరిదిద్దొద్దు. పేర్లు, ఊళ్లు, వాగుల పేర్లు మాత్రం జాగ్రత్తగా రాసుకోండి. ఫోను పోతే కథ పోకుండా ఇంకో ఇద్దరి దగ్గర కూడా దాచండి.

ఇక సినిమా చూసేటప్పుడు మేం పెట్టుకున్న మూడు ప్రశ్నలు మీకూ చెబుతున్నాం. ఒకటి: తెర మీద మనవాళ్లు ఎంతమంది ఉన్నారు, అందులో ఎంతమందికి పేరుంది? రెండు: వాళ్లు మాట్లాడే మాట మన ఇళ్లలో ఎవరైనా మాట్లాడతారా? మూడు: కథలో నిర్ణయం తీసుకునేది ఎవరు? ఈ మూడూ అడిగితే సినిమా ఆనందం ఏమీ తగ్గదు. మేం అడిగాం, అయినా ‘అడవి రాముడు’ పాటలకి కాళ్లాడాయి, కృష్ణ గారు తెర మీద పడిపోయినప్పుడు కళ్లు తడిశాయి, ఆర్ఆర్ఆర్ పాటకి ఇంట్లో దుమ్ము లేచింది.

రామరాజు పేరు మీద 2022లో జిల్లా వచ్చింది. కొమరం భీమ్ పేరు మీద 2016లో తెలంగాణలో జిల్లా వచ్చింది. ఇద్దరికీ అది తగినదే. గంటందొర, మల్లుదొర, తమ్మన్నదొర, కొర్ర మల్లయ్య పేర్ల మీద జిల్లాలు రాకపోయినా ఫరవాలేదు. కనీసం మన ఇళ్లలో, సినిమా అయ్యాక లైటు వేసినప్పుడు ఆ పేర్లు పలకాలి. ఈసారి టీవీలో ఎవడైనా చేతులు కట్టుకుని ‘దొరా’ అంటే, పక్కనున్న చిన్నోడికి చెప్పండి: దొరంటే ఎవరనుకున్నావురా, నీ ఇంటి పేరే అది.

జోహార్!